మూడు వందల పన్నెండు ఫ్రేములు

స్టోక్-ఆన్-ట్రెంట్‌లో ఎర్రిటుకల వరస ఇళ్ళలో ఒకటి.
అందులో అటక గది నాది.
పడుకుంటే పైకప్పు ముక్కుకి తగులుతుంది.
బల్ల కింద యంత్రం మాత్రం
ఏడు నెలల జీతం మింగి దర్జాగా కూర్చుంది.
పదహారు కోర్లు, నీళ్ళతో చల్లబడే గుండె,
ఎవరూ అడక్కపోయినా వెలిగే ఊదారంగు ఫ్యాన్లు.

దాన్ని నమ్ముకుని రాత్రి పన్నెండు దాటాక లైవ్ పెడతాను.
పద్నాలుగు మంది చూస్తారు.
నిన్న పదమూడే. ఒకడికి పొద్దున్నే పరీక్షట.

స్క్రీన్ అడుగున చిన్న చతురస్రం ఉంటుంది.
అది పచ్చగా ఉన్నంతసేపే నేను వీరుణ్ణి.
రెండున్నరకి పసుపైంది, ఎర్రబడింది,
సరిగ్గా రాక్షసుడి మెడ మీద నా కత్తి దిగేటప్పుడు.
ఆ దెబ్బ నేనొక్కణ్ణే చూశాను.
వాళ్ళకి ఎత్తిన కత్తి కనిపించింది,
ఆ తర్వాత చచ్చి పడున్న రాక్షసుడు.
"మధ్యలో ఏమైందన్నా?"
మధ్యలో మూడు వందల పన్నెండు ఫ్రేములు.
ఎక్కడ పారేసుకున్నానో నాకూ తెలీదు.

బిట్‌రేట్ ఆరువేల నుంచి నాలుగున్నర వేలకి దించాను.
లండన్ సర్వర్‌ని ఆమ్‌స్టర్‌డామ్‌కి మార్చాను.
డ్రైవర్లు పీకి మళ్ళీ పెట్టాను.
యంత్రం పన్నెండు శాతం దగ్గర
పని లేని అల్లుడిలా ఆవులిస్తోంది.
కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే
నలభై నిమిషాలు పియానో వినిపించి
"ఆపి మళ్ళీ వేశారా?" అన్నారు.

ఎండుమిర్చి77 అని ఒకడున్నాడు, ఉండేది స్విండన్‌లో.
అసలు పేరు తాడికొండ భార్గవరామ్, తీగలు లాగే ఉద్యోగం.
"స్కిప్పయితే యంత్రం తప్పు, డ్రాపయితే దారి తప్పు.
నీ ఏనుగు వెళ్ళింది బాసూ, తోక దగ్గర చిక్కింది.
టైములు రాయి."

కరెంటు బిల్లు వెనక రాశాను.
సోమవారం 2:31.
మంగళ 2:34, 3:50.
బుధ 2:29.
గురువారం 2:33, 3:15, 4:40.
ఇంత నియమంగా ఏ యంత్రమూ చెడిపోదు.

శుక్రవారం ఆట మధ్యలో హెడ్‌ఫోన్ తీసి చెవి పెట్టాను.
కింద టక్కుమని ఒక స్విచ్చు.
సన్నగా మొదలై, గరగరలాడి, పొంగే చప్పుడు.
చతురస్రం ఎర్రబడింది.

గోడకి చిల్లు పెట్టకూడదని అద్దె కాగితంలో ఉంది.
అందుకే నా ఇంటర్నెట్ ప్లగ్గుల్లో తెల్లడబ్బాలు పెట్టుకుని
కరెంటు తీగల వెంట మేడెక్కి వస్తుంది.
అదే తీగల మీద డోరీన్ షెరాట్ గారి కెటిల్.
నలభై ఏళ్ళు కప్పుల అంచులకి బంగారు గీత గీసిన చెయ్యి
రెండున్నరకి తనకోసం ఒక్క కప్పు కాచుకుంటోంది.
గురువారం మూడు కప్పులు.

కెటిల్ అని భార్గవరామ్‌కి చెప్తే పది నవ్వులు పంపాడు.
ఆమెకి చెప్పలేదు.
పదకొండు పౌండ్లకి ఇరవై మీటర్ల కేబుల్ కొని
మెట్ల అంచు వెంబడి టేపుతో అంటిస్తుంటే
ఆమే టార్చి పట్టుకుంది.
"దేనికిది, డక్?" అంది. ఈ ఊళ్ళో అందరూ బాతులే.
"వేగం కోసం," అన్నాను.
ఒక చోట టేపు వంకర పోతే గోరుతో నిక్కచ్చిగా సరిచేసింది.

ఇప్పుడు సున్నా.
సున్నా చుక్క సున్నా శాతం.
గీత అద్దం మీద నీటిచుక్కలా జారిపోతుంది.
అయినా రెండున్నర కాగానే
కన్ను రాక్షసుణ్ణి వదిలి ఆ మూలకి పోతుంది.
పచ్చ. పచ్చ. పచ్చగానే ఉంది.
నిద్రపోయిందో, నీళ్ళు మరుగుతున్నాయో
ఆ పచ్చ చెప్పదు.

నిన్న గురువారం.
కత్తి ఎత్తి పట్టుకునే హెడ్‌ఫోన్ తీశాను.
ఫ్యాన్ల హోరు. వానేమో కూడా.
ఊపిరి బిగబట్టి ఇంకాసేపు విన్నాను.

"అన్నా, మళ్ళీ ఫ్రీజయ్యావా?"

లేదు.
ఇక్కడే ఉన్నాను.