పడిందా?

గుంటూరు కొత్తపేటలో, ఎక్స్‌రే గదిలో
పదిహేడేళ్ళుగా ఒకటే మాట నాది:
"గాలి పీల్చండి. బిగబట్టండి. కదలకండి."
కదలరు.
యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీలు,
కోర్టులో ఎవరి మాటా వినని ప్లీడర్లు,
అందరూ నా మాటకి ఊపిరి ఆపేస్తారు.
ఇక వదలండి అనడం మరిచిపోతే
కళ్ళు తేలేసి నా వైపే చూస్తారు.

ఆ ధీమాతోనే కెమెరా కొన్నాను
మస్తాన్ వలి దగ్గర, సెకండ్ హ్యాండ్.
పెళ్ళిళ్ళు మోసి మోసి పట్టు దగ్గర రబ్బరు అరిగింది.
కార్డులో ఎవరిదో తలంబ్రాల ఫొటో ఒకటి మిగిలిపోయింది.
పెళ్ళికూతురు కళ్ళు మూసుకుంది,
అందుకే ఆల్బమ్ ఎక్కలేదు కాబోలు.
తీసెయ్యబుద్ధి కాలేదు నాకు.
"ఇటు చూడమ్మా అంటే పెళ్ళికూతురు చూస్తుంది మేడమ్,
పిట్టకేం చెబుతాం?" అన్నాడు వలి
నోట్లు రెండోసారి లెక్కపెడుతూ.

ఆదివారం ఉప్పలపాడు. ఇంకా మంచు విడలేదు.
చెరువు మధ్య తుమ్మలు వంగిపోయేలా గూడబాతులు,
పుల్ల కోసం తగాదాపడే ఎర్రకాళ్ళ కొంగలు.
ఇంతింత పిట్టలు, ఇంత దగ్గర,
గుడ్డివాడైనా తీస్తాడనుకున్నాను.

మూత తియ్యకుండా పదకొండు చీకట్లు తీశాను.
తర్వాత కొమ్మ.
తర్వాత అదే కొమ్మ, ఊగుతూ.
తర్వాత ఒక కాలు. ఎవరిదో తెలీదు.
మోకాలు చూసి మనిషి వయసు చెప్పగలను గానీ
ఆ కాలు ఏ పిట్టదో పోల్చుకోలేకపోయాను.
కరెంటు తీగ మీద పసులపోలిగాడు
నేను కన్ను ఆనించేదాకా ఉంటాడు,
ఆనించాక తీగ ఉంటుంది.

గట్టు మీద వేపపుల్ల నములుతూ శౌరయ్య,
గేదెల్ని నీళ్ళకి వదిలి, నా ప్రతి క్లిక్కుకీ
"పడిందా?" అంటాడు.
"పడలేదు."
"పోన్లే, బతికిపోయింది."
కాసేపటికి మళ్ళీ, "పడిందా?"
చిన్నప్పుడు ఉండేలుతో తిరిగిన చెయ్యట ఆయనది.
ఆయన అడిగేది ఫొటో గురించో పిట్ట గురించో
నాకు చివరిదాకా తేలలేదు.

ఎండెక్కే వేళకి కోల్డ్ స్టోరేజీల వైపు నుంచి
గాలి మళ్ళింది. ఎండుమిరప ఘాటు.
సరిగ్గా అప్పుడే ఒక తెల్లకొంగ లేచింది.
నేను ఊపిరి బిగబట్టాను,
కదలకూడదు, కదలకూడదు అనుకుంటూ
హాచ్చుమని తుమ్మాను.
వేలు దానంతటదే నొక్కేసింది.

తిరుగు ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని చూశాను.
నూట నలభైలో నూట ముప్పైతొమ్మిది తీసేశాక
తుమ్ము మిగిలింది.
తల లేదు. తోక లేదు. ఫ్రేమంతా ఒకే రెక్క,
వెనకాల సూర్యుడు.
ఈకల్లోంచి వెలుతురు దూరి
లోపల సన్నగా, నల్లగా
రెండు ఎముకలు పక్కపక్కన,
మోచేతి కింద మనకున్నట్టే.
రోజూ చూసేదే.
అయినా పెదకాకాని దాటేదాకా
తల ఎత్తలేదు నేను.

సోమవారం, గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లాడొకడు.
చేతికి ఊపిరి బిగబట్టక్కర్లేదు.
వాడు బిగబట్టాడు.
ఎందుకో నేనూ.

మరుసటి ఆదివారం ఆ రెక్క శౌరయ్యకి చూపించాను.
వేపపుల్ల తీసి పక్కన పెట్టాడు.
తెరకి అరచెయ్యి అడ్డంపెట్టి చాలాసేపు చూశాడు.
"ఇట్టాగే ఉండేదమ్మా," అన్నాడు,
"కొట్టినాక రెక్క ఇప్పి ఎండకి పట్టుకునేవాణ్ణి.
అచ్చం ఇట్టాగే."
ఇంకేదో అనబోయి
గేదె ఒడ్డెక్కుతోందని లేచిపోయాడు.

ఆ పొద్దున ఎన్నిసార్లు నొక్కినా
ఆయన పడిందా అని అడగలేదు.
నేనే, గట్టు అవతలికి వినపడేలా,
"పడలేదు తాతా" అన్నాను.