అరుగు

తెబుర్సూక్‌లో లువాజ్ దిగితే
కొండ మీదికి ఆరు కిలోమీటర్లు.
పాల వ్యాన్ నడిపే నెజీబ్ సగం దాకా ఎక్కించుకుంటాడు.
మిగతా సగం ఆలివ్ చెట్ల మధ్య
నా బకెట్టూ నా బ్రష్షూ నేనూ.

నా చదువు చెబితే ఎవరూ నమ్మరు.
తడి కాగితం రాతి మీద పరిచి
గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో బాదుతాను,
ముందు మెత్తగా, తర్వాత కసిగా,
కాగితం ప్రతి గంటులోకీ దిగేదాకా.
ఎండాక ఊడదీస్తే
పద్దెనిమిది వందల ఏళ్ల నాటి అక్షరాలు
వెనక్కి తిరిగి, ఉబ్బి, చేతికొస్తాయి.

"ఆ పిల్ల మళ్లీ బట్టలుతుకుతోంది"
అని అరుస్తారు మేకలు కాసే కుర్రాళ్లు
పడిపోయిన స్తంభాల మీంచి.
నిజమే, రేవు చప్పుడే.
ఏ మురికీ వదలదు, అంతే తేడా.

మొదటి నెలంతా నాకు అన్నీ ఒక్కలాగే కనబడ్డాయి.
ఈ రాయి గుడిదా, స్నానశాలదా, సంతదా?
నాటకశాల మెట్ల మీద రొట్టె తింటూ
హరీసా ఘాటుకి కళ్లు తుడుచుకుంటుంటే
కాపలాదారు ఖెమైస్ నీళ్లిచ్చి, తన పేరు మా లిపిలో రాయమన్నాడు.
దుమ్ములో రాశాను.
"అన్నీ గుండ్రాలే! మీ రాళ్లకి మూలలు లేవా?" అని నవ్వాడు.
ఇంకా నవ్వుతుండగానే ఓ మేక దాని మీంచి నడిచిపోయింది.

అరవై నాలుగో రాయి పశ్చిమ గోడ పక్కన.
పైన "దివంగతుల దేవతలకు" అనే మామూలు మాట.
కింద ఒక ఆడమనిషి పేరు తోక: నీనా.
ఎన్నేళ్లు బతికిందో ఉండాల్సిన చోట
అరచేయంత నున్నటి గుంట.

ఫారంలో గడులు:
పొడవు. వెడల్పు. దొరికిన చోటు.
చోటు దగ్గర "తెలియదు" అని రాస్తుంటే
వెనకనుంచి నీడ పడింది.

ఖొబ్బీజా ఆకు కోసుకోవడానికి వచ్చిన ముసలామె, మన్నూబియా.
నాకొచ్చిన అరబ్బీ టమాటాలు బేరమాడటానికి సరి,
ఆమె ఫ్రెంచి తిట్లకు సరి.
అయినా అర్థమైంది.
ఇక్కడే వాళ్ల ఇల్లు. ఈ గుడిగోడే వాళ్ల వెనకగోడ.
ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు లారీలొచ్చాయి,
ఊరినంతటినీ కిందికి దించి శిథిలాలను ఖాళీ చేశాయి.
ఖాళీ చేశాకే ఇవి శిథిలాలయ్యాయంది.
లేదా నాకు అలా వినబడింది.

"ఈ రాయి మా గుమ్మం ముందుండేది.
అమ్మ దీని మీదే కూర్చుని చిక్కుళ్లు ఒలిచేది,
లేచేటప్పుడు కాలు ఇక్కడ ఆనించేది."
ప్లాస్టిక్ చెప్పు విడిచి
పగిలిన మడమ ఆ గుంటలో పెట్టింది.
సరిగ్గా పట్టింది.

నాకు చెప్పాలనిపించింది,
చెప్పడం చేతకాలేదు:
మా భాషలో ఇంటి ముందు కూర్చునే చోటునీ
ఇలా అరుగు అనే అంటారు,
రాయి అరుగు, కాలు అరుగు, అన్నం అరుగు,
అన్నిటికీ ఒకటే మాట.

"నష్టానికి కారణం" అన్న గడిలో
వాన, నాగలి, ఉప్పు అని అచ్చేసి ఉన్నాయి, టిక్కు పెట్టాలి.
ఖాళీ అంచులో రాశాను: అమ్మ మడమ.

మేడమ్ ఊనీసా ఎర్ర పెన్నుతో కొట్టేసి
"పునర్వినియోగం" అని దిద్దారు.
అదీ తప్పు కాదు.
తర్వాత కళ్లజోడు తీసి, చోటు గడిలోని "తెలియదు"ని కూడా కొట్టేసి
"మన్నూబియా గుమ్మం" అని తనే రాశారు.

ఆ కాగితం మాత్రం ఎవరూ దిద్దక్కర్లేదు.
ఎండాక తిరగేస్తే
తలకిందులైన అక్షరాల మధ్య
గుంట ఉన్న చోట ఉబ్బెత్తుగా
తెల్లగా
ఒక మడమ.

సాయంత్రం ట్యూనిస్ లువాజ్‌లో ఏడుగురమే.
ఎనిమిదో మనిషి వస్తే గానీ బండి కదలదన్నాడు డ్రైవరు.
చీకటి పడుతోంది.
ఎనిమిదో సీటు డబ్బులు కూడా నేనే ఇచ్చి
కాగితం చుట్టని కిటికీ పక్కన కూర్చోబెట్టాను.