నొక్కి చూడటం

మూడున్నర కాళ్లతో వస్తోంది పిక్క.
ఎడమ ముందుకాలు నేలకి ఆనీ ఆనకుండా,
అప్పిచ్చినవాడి గుమ్మం ముందు నడిచినట్టు.

"ఏటయిందే?" అన్నాను.
తోక ఊపింది. తోకకేం, బాగానే ఉంది.

మూడో వేలు వాచింది.
నిన్న సాయంత్రం రేగిపండంత,
పొద్దుటికి ఉసిరికాయంత.
గోరు పక్కకి తిరిగిపోయి
ఎవరి వేలో తెచ్చి అతికించినట్టుంది.

మొగలి ముల్లేమోనని
గుడ్డ తడిపి, వేళ్ల సందులు విప్పి చూశాను.
ముల్లు లేదు. చీము లేదు. గాటు లేదు.
కొబ్బరి పీచు పోగేదైనా చుట్టుకుందా అంటే అదీ లేదు.
జీడితొక్కు రసం తగిలితే చర్మం పొక్కాలి,
పొక్కలేదు.
లోపల ఏదో ఉంది, బయట ఏమీ లేదు.
ఈ మాట ఇంతకు ముందు విన్నాను,
తెల్లకోటు వేసుకున్నవాళ్ల నోట.

పక్కింటి దమయంతి గోడ మీంచి చూసి
"తేలు కుట్టుంటాది, ఉల్లిపాయ రాయ్" అంది.
వాళ్ల మావ "కాదొలె, దిష్టి" అన్నాడు.
కుక్కకి దిష్టేటి మావా అంటే
"ఏం, దానికి మాత్రం అందం నేదేటి?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను,
నా బొటనవేలు దానంతటదే వెళ్లి
వాపు మీద నొక్కింది.
ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి తీశాను.
గుంట పడలేదు.
పిక్క మూలిగి, మళ్లీ నా చెయ్యే నాకింది.

మా ఉద్దానంలో ఇలా నొక్కి చూడటం
ఎవరూ ఎవరికీ నేర్పరు.
చెప్పులు బిగువయ్యాయంటే చాలు
అవతలివాళ్ల చూపు మడమల మీదికి దిగుతుంది.
"కొత్తవి గదా, బిర్రుగున్నాయి" అన్నాడు మొదట్లో భగీరథి.
పెద్దవి కొన్నాం.
అవీ బిగుసుకున్నాయి.
ఎవరెవరో వచ్చి మా బావి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు,
తోటలో మట్టి పొట్లం కట్టుకెళ్లారు,
మా రక్తం కూడా.
నీళ్లేమన్నాయో, మట్టి ఏమందో
ఇంకా మా ఇంటికి చేరలేదు.
వేయించిన జీడిపిక్క రంగుందని
ఆయనే పెట్టాడు దీనికి పేరు.
సోంపేట డయాలసిస్‌కి ఎక్కే ఆటో వెనకాల
ఊరి చివరి తోట దాకా పరిగెత్తేది,
నాలుగు కాళ్లతో.

కవిటి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం,
నేనూ, మా తేజేసూ.
ఎక్కడో ఆవు ఈనలేకపోతోందని డాక్టరు వెళ్లాడట.
కాంపౌండరు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
వేలుని వెలుతురులోకి పట్టి చూశాడు.
"దెబ్బయితే తగ్గుతాది. గడ్డయితే పెరుగుతాది.
అయిదు రోజులు మాత్రలెయ్యండి, సూద్దుం."
ఎందుకొచ్చిందండీ అన్నాను.
"ఎందుకొచ్చిందంటే ఎలాగ సెప్తామమ్మా."
అబద్ధం ఆడనందుకు
అతనికి దండం పెట్టాలనిపించింది,
ఒకటి కొట్టాలనీ అనిపించింది.

మాత్ర బెల్లంలో పెడితే
బెల్లం తిని మాత్ర ఉమ్మింది.
ఎండుచేప తలకాయలో దూర్చాను. మింగింది.

రాత్రి పన్నెండు దాటాక మెలకువ.
నాకుతున్న చప్పుడు,
చీకట్లో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు
ఆగి, ఆగి.
కట్టు ఊడబీక్కుందేమోనని లేచి వచ్చాను.

వీధరుగు మీద మావాడు.
ఫోను లైటు పిక్క వీపుకి ఆనించి పెట్టి,
పాంటు మోకాలి దాకా మడిచి,
చీలమండ పైన, ఎముక మీద
బొటనవేలితో నొక్కుతున్నాడు.
పెదాలు లెక్కపెడుతున్నాయి.

గుమ్మంలోనే ఆగి, కొంచెం గట్టిగా దగ్గాను.
"దోమ" అన్నాడు, లైటు ఆర్పేసి.
"ఎక్కువైపోనాయి" అన్నాను.

పిక్క మా ఇద్దరినీ చూసి లేచింది.
కాలు కింద పెట్టబోయి
కాసేపు గాల్లోనే ఉంచింది.