పదమూడున్నర

రెండు గంటలకోసారి లేచి
పెట్టె ముఖాన వెలిగే అంకె చూసి రాస్తాను.
పదమూడున్నర.
మళ్లీ పదమూడున్నర.
తాడిపత్రి బయట మార్చి నెల రాత్రి,
రేకు మీద చెయ్యి పెడితే ఇంకా పగలే తగులుతుంది.
లోపల మాత్రం, నలభై అడుగుల తెల్లటి పెట్టెలో
పుట్లూరు అరటికాయలు
ఏ దేశానిదో తెలియని చలిలో
పచ్చగా నిద్రపోతున్నాయి.

నిద్ర లేపకూడదు. అదే నా ఉద్యోగం.

తొమ్మిది రోజులైంది.
ముంబై రేవులో పెట్టెల మీద పెట్టెలట.
ఓడలు కదలమంటున్నాయట.
హార్ముజ్ దగ్గర ఎవరో ఎవరి మీదో ఏదో విసిరారట.
ఆ పేరు మా షెడ్డులో తలా ఒక రకంగా పలుకుతారు.
తిప్పమ్మ నోట్లో అది ఉరుము.
నేను దిద్దలేదు.
ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటే
సామెతనుకున్నాం ఇన్నాళ్లూ.
ఇదిగో మంగలం.
తెల్ల రంగు, పన్నెండు వందల అట్టపెట్టెలు,
బాడుగ రోజుకింత.

ఒకసారి తిప్పమ్మ అంటించిన స్టిక్కరు
కువైట్‌లో వంట చేసే ఆమె చెల్లెలి చేతికే దొరికింది.
తొక్క ఫోటో పంపింది ఆ పిల్ల,
పండు ఫోటో కాదు, తొక్క!
షెడ్డంతా రెండు రోజులు నవ్వుకున్నాం.
ఇప్పుడు ఫోన్ చేస్తే
"సైరన్ మోగుతాంది, కిందికి దిగాల" అని పెట్టేస్తుంది.
తిప్పమ్మ ఖాళీ స్టిక్కర్ల చుట్ట
వేలికి చుట్టుకుని విప్పుకుని
మళ్లీ చుట్టుకుంటుంది.

పొద్దు వాలగానే మోపెడ్డు మీద వస్తాడు కుళ్లాయప్ప.
చక్రానికి వీపానించి కూర్చుంటాడు,
పెద్దాసుపత్రి వరండాలో కూర్చున్నట్టు.
"ఎట్లుండాయి పీరా?"
"బాగుండాయి మామా."
"ఒగసారి చూడనీ."
"తలుపు తీస్తే చలి పోతాది."
సరేనని రేకుకు చెవి పెడతాడు.
వినపడేది మోటారు.
అయినా తలూపుతాడు.

నిన్న బిల్లు వచ్చింది ఫోన్లో. చదివి చెప్పమన్నాడు.
కరెంటు. కరెంటు పోయినప్పటి డీజిలు. డెమరేజి.
అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా పెద్దది, వార్ రిస్క్.
"అదేంది?"
"యుద్ధం ఖర్చు మామా."
"మనమెవరితో చేసినాం?"

జనరేటరు దడదడమంటూ ఉంది.
చాలాసేపటికి తనే చెప్పాడు.
"మా అబ్బ కాలంలో ఒగ రాత్రి
నూట నలభై చీనీ చెట్లు నరికిపోయినారు.
తెల్లారి పోయి చూస్తే
పాలు కారతాండే మొదళ్లు.
ఏ కొడవలో, ఏ చెయ్యో, యాడ దాక్కున్యాడో
ఊరంతా తెలుసు.
తిట్టనీకె పేరుండె.
పదేండ్లకి వాడే మా గడప తొక్కి
నీళ్లడిగి తాగిపోయినాడు.
ఇప్పుడు చూడు, తోటలో చెట్టు చెట్టు మాదిరే ఉండాది.
ఆకు చిరగలేదు.
ఎవుని పేరు పెట్టి తిట్టాల?"

నాకూ తెలియదు.
రెండు దేశాల పేర్లు చెప్పాను.
ఆయన వాటిని నోట్లోనే నమిలి
మింగకుండా ఊరుకున్నాడు.

వేరే రేవులో దించి లారీల్లో తోలతామని ఒక ఫోను.
వెనక్కి తీసుకోండని ఇంకో ఫోను.
కాయకు ఈ గొడవలేం తెలుసు.
కోసిన గంట నుంచే అది తన రోజులు లెక్కపెట్టుకుంటోంది.
చలి ఆ లెక్కను నెమ్మది చేస్తుంది,
మాన్పించదు.
ఎక్కడో ఒక మూల ఒక్కటి పండితే
ఆవిరితో పక్కదాని చెవిలో ఊదుతుంది.
అది ఇంకోదానికి.
ఆ తర్వాత ఎవరి మాటా వినవు.

నాలుగు గంటలకు లేచాను.
కుళ్లాయప్ప ఇంటికి పోలేదు,
తువ్వాలు పరుచుకుని చక్రం పక్కనే.
నిద్రలోనే ముక్కు ఎగబీల్చి కళ్లు తెరిచాడు.
"వాసనొస్తాంది రా."
రబ్బరు అంచు సందులోంచి సన్నగా, నిజమే,
పెళ్లి విడిది వాసన.
"తియ్యగుండాది గదా," అన్నాడు,
అన్నాక మొహం అటు తిప్పుకున్నాడు.

పెట్టె ముఖాన పద్నాలుగుంబావు.
రిజిస్టరు తెరిచాను.
పెన్ను అలవాటుగా
పదమూ దాకా రాసి ఆగింది.