యాభై అరవైల మధ్య

హకోదాతేలో అందరికంటే ముందు మేలుకునేది చేపల మార్కెట్టు.
నా కొట్టు దానికి రెండు వీధుల పైన,
తొమ్మిదింటికి గాని తలుపు తీయను.
ఆ రోజు తీయకముందే మెట్ల మీద కూచుని ఉంది మిజుఎ,
రబ్బరు బూట్లతోనే,
ఒళ్ళో తువ్వాలు చుట్టిన కెమెరాతో,
జ్వరమొచ్చిన పిల్లని తెచ్చినట్టు.

"ఉప్పుగాలి తినేసిందండీ," అంది.
"సెన్సరు పోయిందన్నారు ఇద్దరు. మూడో ఆయన
కొత్తది కొనుక్కోమని కేటలాగు చేతిలో పెట్టాడు."

తెర మీద చూశాను.
స్క్విడ్లు ఏరే ఆడవాళ్ళు, తలకి గుడ్డలు, మోచేతులదాకా తడి.
అందరి ముఖాల మీదుగా అడ్డంగా పట్టీలు:
ఒకటి వెలుగు, ఒకటి మసక, మళ్ళీ వెలుగు,
ఎవరో పెద్ద దువ్వెనతో గాలిని దువ్వి వదిలేసినట్టు.

స్క్రూడ్రైవరు తీయలేదు నేను.
ముప్పై ఏళ్ళలో నేర్చుకున్నది అంతే,
విప్పే ముందు అడగాలి.
"బయట ఎండలో తీసినవి?"
శుభ్రంగా ఉన్నాయి.
"చప్పుడు లేని షట్టరా?"
అవును. టిక్కుమంటే చాలు సుగవారా పెద్దమ్మ
నవ్వు ముఖం పెట్టేస్తుందట. ఆ నవ్వు మిజుఎకి వద్దు.
"వేగం?"
"నూట ఇరవయ్యో వంతు. మా తొకుషిమాలో ఎప్పుడూ అదే."

అక్కడ దొరికింది.

ఈ దేశం నడుముకి అడ్డంగా ఒక గీతుంది,
బడిలో పటం గీయించేటప్పుడు ఎవరూ గీయించరు.
దానికి తూర్పున కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది,
పడమట అరవై.
ముత్తాతల కాలంలో ఈ కొసవాళ్ళొక దేశపు యంత్రాలు,
ఆ కొసవాళ్ళింకో దేశపువి తెచ్చుకున్నారు,
ఇప్పటికీ రాజీ కుదరలేదు.
మార్కెట్టు కప్పుకి వేలాడే ముసలి ట్యూబులైట్లు
సెకనుకి వందసార్లు కునికి లేస్తాయి.
మన కంటికి ఆనదు.
పైనుంచి కిందికి వరసవరసా చదువుకుంటూ దిగే సెన్సరుకి ఆనుతుంది.

"కెమెరాకి జబ్బు లేదమ్మా,
ఇంకా తొకుషిమా లెక్కనే ఊపిరి తీస్తోంది."
వందో వంతుకి తిప్పి ఇచ్చాను.
ఆ అంకెని చాలాసేపు చూసింది.
ఇక్కడికొచ్చి పదకొండేళ్ళట.

గీతలు పోయాయి, నలుసులు మిగిలాయి.
మూలల్లో రంగురంగుల నూకలు చల్లినట్టు.
చీకట్లో తీసి, ఇంటికెళ్ళి కంప్యూటర్లో వెలుగు లాగితే అంతే మరి,
అడుగంటిన గిన్నె గోకితే
అన్నంతోపాటు మాడూ వస్తుంది.
నలుసులు తుడిచే ప్రోగ్రాం ఒకటి వాడిందట.
అది రేవు మీద కురిసే మంచుని కూడా నలుసులే అనుకుంది.
సుగవారా పెద్దమ్మ చెంపలైతే
చలికాలమంటే ఎరగని చెంపలు.
"తీసెయ్ దాన్ని," అన్నాను, కాస్త గట్టిగానే.
"ముందే నిండా వెలుగు తాగనివ్వు. తర్వాత గోకకు."

ఇక ఆ ఎర్రచుక్క.
రాత్రి సముద్రం మీద పడవ దీపాలు తీసిన ప్రతి ఫొటోలో,
కుడివైపు పైన, అదే చోట.
మూత పెట్టి, అంతసేపూ చీకటినే ఒక ఫొటో తీయించాను.
నల్లటి చదరంలో ఆ చుక్క ఒక్కటే
దొరికిపోయి నిలబడింది.
దాంట్లోంచి దీన్ని తీసేస్తే సరి,
రెండో తరగతి తీసివేత.
"అయ్యో, నేను పదిహేడు పడవలు లెక్కపెట్టాను," అంది.
పదహారే, అన్నాను.

మార్చిలో మళ్ళీ వచ్చింది.
ఫొటోలో ముఖాలు తేటగా ఉన్నాయి,
సుగవారా పెద్దమ్మ నవ్వడం లేదు, ఎవర్నో తిడుతోంది.
కాని ఏటవాలుగా ఒక సన్నటి గీత,
ఈ మూలనుంచి ఆ మూలకి.
లెన్సు తుడిచాను.
కార్డు మార్చాను.
సెన్సరు మీద దీపం వేసి, భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి
పావుగంట వెతికాను.
మిజుఎ బూట్ల కేసి చూసుకుంటూ ఆగింది, పాపం,
మర్యాద గల మనిషి.
"అది తాడండీ," అంది చివరికి.
"ఎండేసే తాడు."

ఆ రోజు డబ్బు తీసుకోలేదు.
రెండు ఎండు స్క్విడ్లు తీసుకున్నాను,
అదే తాడుతో కట్టినవి.