నాలుగు మిల్లీమీటర్లు

గాజువాక ఆటోనగర్లో మా షెడ్డుకి తలుపు లేదు.
ఉన్నదల్లా ఓ షట్టరు,
సముద్రం గాలి దాన్ని అంచుల్నించి కొరుక్కుతింటోంది.

మొదటి ఏడాది నాకు తెలిసింది ఒక్కటే:
బిగిస్తే బండి పరిగెడుతుంది.
వెనక స్ప్రింగుని ఆఖరి మెట్టు దాకా బిగించి,
స్పానరు జారి బొటనవేలు చీరుకుని,
నెత్తుటి చేత్తో గర్వంగా నిలబడ్డాను.
ఎర్నాయుడు మావ నోట్లో చుట్ట తీశాడు.
"ఓలమ్మో, బండికి ఎముకలిచ్చినావు గానీ
మోకాళ్ళేవిరా?"

షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళు ఫిట్టరాయన.
తిన్నగా పోయే బండికి సస్పెన్షనెందుకని అడిగితే
నవ్వలేదు.
ఖాళీ ట్రాలీ ఆటోలో నన్ను నిలబెట్టి
డ్రైవరుకి సైగ చేశాడు.
ఆటో దూకింది.
నేను వెనక్కి పడ్డాను.
"నువ్వు పడ్డావు సూడు, అదీ బరువంటే.
దాన్ని ఆపలేవురా.
ఎంత నిమ్మళంగా పడాలో సెప్పగలవు, అంతే."

అప్పట్నించి ఓ నోటుబుక్కు.
తేదీ. గాలి. టైర్లో గాలి.
ఫోర్కులో ఆయిలెంత, వెనక ఎన్ని క్లిక్కులు.
ఒకసారికి ఒక్కటే మార్చు, మావ మాట.
రెండు మారిస్తే
గెలిచినా ఎందుకు గెలిచావో తెలీదు.
ముందు ఫోర్కు గొట్టానికి ఓ ప్లాస్టిక్ పట్టీ కట్టాం.
పరుగయ్యాక చూస్తే
ఎక్కడిదాకా తోశారో అక్కడే ఉంటుంది,
కోర్టు వాకిట్లో మాట మార్చని సాక్షిలా.

నడిపేది జోస్పిన్, జ్ఞానాపురం పిల్ల.
రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
ఐసు వాసనేసే చేతుల్తో వస్తుంది.
బండెక్కి రెండు కాళ్ళూ పైకి పెట్టుకుంటుంది,
మావ హ్యాండిలు పట్టుకుంటాడు,
నేను వెనక టేపుతో వంగి
ఆమె కింద స్ప్రింగు ఎంత దిగిందో కొలుస్తాను.
ముప్పై రెండు.
ఎప్పుడూ ముప్పై రెండే.

మొన్న ఆదివారం తెల్లారుజామున
అచ్యుతాపురం అవతల, మూతపడ్డ కంపెనీ లోపలి సిమెంటు రోడ్డు.
వాచ్‌మన్ గేటు తీశాడు,
రెండొందల మీటర్లకి సున్నం గీత గీశాం.
జోస్పిన్ క్లచ్చి వదిలింది.
టైరు అరిచింది, పొగ లేచింది.
బండి మాత్రం నిద్దట్లో ఎవరో పిలిచినట్టు
ఆలస్యంగా కదిలింది.
మళ్ళీ. మళ్ళీ అదే.
టైర్లో గాలి తగ్గించాను,
వెనక రెండు క్లిక్కులు వదిలాను,
ముందు ఒకటి బిగించాను,
మావ మాట మర్చిపోయి అన్నీ ఒకేసారి తిప్పేశాను.
సున్నం గీత మీద గొంతుక్కూచున్న మావ అన్నాడు:
"బండి సరే. మనిషిని కొల్చినావేటి?"

క్లిక్కులన్నీ పాత చోటికి తిప్పి కొలిచాను. ఇరవై ఎనిమిది.
టేపు దులిపి మళ్ళీ కొలిచాను.
ఇరవై ఎనిమిదే.

నాలుగు మిల్లీమీటర్లు.
రెండు అగ్గిపుల్లల మందం.
అందులో ఎన్ని పూటల అన్నం ఉంటుందో
రాసుకోడానికి నా నోటుబుక్కులో గడి లేదు.

"తేలికైతే తొందరగా పోతాననుకున్నాను," అంది
హెల్మెట్ తీయకుండానే.
"నెల్లాళ్ళయింది. రాత్రికి ఒక్క జాంకాయ."

మావ తిట్టలేదు.
అరచెయ్యి సిమెంటు మీద ఆనించి లాగాడు,
జారింది.
ఈసారి ఒళ్ళంతా దాని మీదికి ఒంచి లాగాడు,
చెయ్యి నేలని ఒదల్లేదు.
అరచేతిలో ఇసుక దులుపుకుంటూ
జోస్పిన్‌కేసి చూశాడు, అంతే.

కూర్మన్నపాలెం దాకా పోయి పొట్లం కట్టించుకొచ్చాను.
సీటు మీదే కూచుని తింది,
కాళ్ళూపుకుంటూ, బొంబాయి చట్నీ మోచేతి దాకా కారుతుంటే.
తింటున్నంతసేపూ
సిగ్గు లేకుండా
నేను స్ప్రింగు కేసే చూస్తున్నాను.

ఆ పూట ఇంక పరుగు లేదు.
నోటుబుక్కులో రాశాను:
గాలి, తూర్పు నించి, తడిగా.
క్లిక్కులు, మార్చలేదు.
మార్పు, ఆరిడ్లీలు.
టైము దగ్గర గడి ఖాళీగా ఒదిలేశాను.