ఇరవై ఆరు డిగ్రీలు

తాళంచెవి ఇస్తూ తౌనో చెప్పింది ఇంతే:
"నీళ్ళు ఇరవై ఆరుకి తగ్గకూడదు.
చేపలు ఐదు. నాలుగే కనిపిస్తే మళ్ళీ లెక్కపెట్టు.
మూడుసార్లు పెట్టినా నాలుగే అయితే
నాకు చెప్పకు."
మూడు వారాలకి ఓడెక్కి వెళ్ళిపోయాడు,
బోత్నియా ఖాతంలో మంచు పగలగొట్టడానికి.

కెమిలో ఆ వారం బయట మైనస్ ఇరవై ఎనిమిది.
చెక్కమెట్లెక్కి పైవాటా తలుపు తీస్తే
ముందుగదిలో అమెజాన్,
ఐదడుగుల గాజులో.
పక్కన కుర్చీ మీద
ఉతికి మడతపెట్టని సాక్సుల కుప్ప.

నేను కట్టుడుపళ్ళు చేసేదాన్ని.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఊరి ముసలి నవ్వులు చాలావరకు
నా బల్ల మీంచి వెళ్ళినవే.
పిరానాలంటే పళ్ళు చూడొచ్చని వెళ్ళాను.
చూసింది తోకలు.
నా ఎర్ర కోటు గుమ్మంలో కనపడగానే
మొద్దు వెనక్కి దూరాయి
ఒకదాని చాటున ఒకటి,
బళ్ళో మొదటిరోజు పిల్లల్లా.
లైటు వేస్తే ఒకటి పక్కకి ఒరిగి
చచ్చినట్టు పడుకుంది.
పేరు గొప్ప, ఊరు దిబ్బ
అని నవ్వుకున్నాను, ఒక్కదాన్నే, కాస్త గట్టిగానే.

మర్నాటి నుంచి కోటు బయటే విప్పాను.

రెండు రోజులకోసారి తిండి:
ఫ్రీజర్లోంచి తీసి కరిగించిన వేలెడు మూయిక్కు చేపలు,
పటకారుతో.
నేను వంటింట్లోకి తప్పుకునేదాకా ముట్టవు.
తలుపు సందులోంచి చూసేదాన్ని.
నురగ లేదు, నెత్తురు లేదు.
ఒకటి వచ్చి, ఒక గాటు, వెనక్కి.
ఇంకోటి వచ్చి, ఒక గాటు.
ఆ గాటు మాత్రం, ఏం చెప్పను,
పైవరస కిందవరసలోకి కత్తెరలా దిగి
వెంట్రుకవాసి సందు లేకుండా మూసుకుంటుంది.
నా చేతిలో ఒక్క సెట్టూ అలా కుదరలేదు.

పదకొండో రాత్రి కరెంటు పోయింది.
పైన మోటారు చప్పుడుకి కాదు,
చప్పుడు ఆగినందుకు మెలకువొచ్చింది.
మూడింటికి నీళ్ళు ఇరవై నాలుగు.
కట్టెల పొయ్యి రాజేసి, నీళ్ళు కాచి,
సీసాల్లో పోసి తేలించాను.
తౌనో దుప్పట్లు, నా దుప్పట్లు,
అవీ చాలక ఎర్ర కోటు,
గాజు చుట్టూ చుట్టాను.
ఊపిరాడాలి కదా అని
గిన్నెతో ఎత్తిపోశాను నీళ్ళు, చెయ్యి లాగేదాకా,
వేళ్ళు ఎవరి ఇంట్లో ఉన్నాయో మరిచిపోయి.

చెవి ఆనిస్తే లోపల డప్పు.
చిన్నగా, తడిగా,
ఒకరు కొట్టి ఇంకొకరు బదులు కొట్టినట్టు.
కొట్లాటో కబురో
పళ్ళు తెలిసిన నాకు గొంతులు తెలీవు.
బయట సున్నాకి ఇరవై ఎనిమిది కింద,
లోపల ఇరవై నాలుగు పైన.
మధ్యన ఒక చెక్క గోడ, అరంగుళం గాజు,
గుండీ ఊడిన నా కోటు.

ఆరింటికి దీపాలొచ్చాయి.
కోటు తీశాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
మళ్ళీ.
మూడోసారి పెట్టలేదు.

ఇసుక మీద తెల్లగా ఏదో మెరిస్తే
పటకారుతో తీశాను.
అరవరస పళ్ళు,
ఒకదాన్నొకటి పట్టుకుని, విడవకుండా.
వాటికి ఒక పక్క పళ్ళన్నీ ఒకేసారి ఊడతాయట,
చిగురు కింద కొత్తవి కాచుకుని ఉంటాయట.
తౌనోయే చెప్పాడు ఎప్పుడో.
కాబట్టి ఇవి బతికున్నదానివే కావచ్చు.
మొద్దు వెనక చీకటి కూడా ఉంది కదా,
ఐదోది అక్కడే ఉండొచ్చు.
ఆ వరసని చేతిరుమాల్లో చుట్టి
పనిబల్ల సొరుగులో పెట్టాను,
ఊరివాళ్ళ కొలతల మధ్య.

ఆదివారం ఓడ నుంచి ఫోను.
"మంచు ఎలా ఉంది?" అన్నాను, ముందు నేనే.
"మందంగా. హిల్కా, చేపలు?"
"నీళ్ళు ఇరవై ఆరు."

ఓడ ముక్కు కింద పెద్దదేదో విరుగుతున్న చప్పుడు
చాలాసేపు వినిపించింది.
"మంచిది," అన్నాడు.
ఎన్ని అని అడగలేదు.